ఆపెయ్ మావయ్య

మా మావయ్య దగ్గరికి ఏ యంత్రాన్ని తీసుకెళ్ళినా, దానికి వచ్చిన జబ్బు ఎలాంటిదైనా, ఆయన రాసిచ్చే మందు ఒక్కటే. ఆపెయ్. పది నిమిషాలు ముట్టుకోకు. మళ్ళీ వెయ్యి. ఫోను, కంప్యూటరు, ప్రింటరు, గోడకు వేలాడే వైఫై డబ్బా, ఆఖరికి అత్తయ్య మిక్సీ కూడా ఈ తీర్పుకు లోబడినవే. దీని మీద అప్పీలు లేదు. ఇలా ఏళ్ళ తరబడి ఒకే తీర్పు చెప్పడం వల్ల ఆయన అసలు పేరు బంధువర్గంలో అందరూ మరిచిపోయి 'ఆపెయ్ మావయ్య' ఒక్కటే మిగిలింది. పెళ్ళి శుభలేఖల మీద కూడా దాదాపు అదే రాసేవాళ్ళు గాని, పెద్దవాళ్ళు అడ్డుపడ్డారు.

విచిత్రమేమిటంటే, లోకంలోని యంత్రాలన్నిటికీ విశ్రాంతి విధించే ఈ మనిషికి తాను విశ్రమించడం చేతకాదు. కాఫీ నడుస్తూ తాగుతాడు. భోజనం సగం బల్ల దగ్గర, సగం కిటికీ దగ్గర. కుర్చీతో ఏదో పాత వివాదం ఉన్నట్టు ఎప్పుడూ దాని అంచు మీదే కూర్చుంటాడు, అదీ ఒక కాలు లేవడానికి సిద్ధంగా పెట్టుకుని. వీడియోలన్నీ రెట్టింపు వేగంతో చూస్తాడు. తాను ఎంతో కాలంగా వింటున్న ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు ఒకసారి ఏదో సభకు వస్తే నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు. కాసేపు విని, నా చెవి దగ్గర గొంతు తగ్గించి, "పాపం, ఈయనకి ఒంట్లో బాగాలేనట్టుందే, మాట కూడదీసుకుంటున్నాడు" అన్నాడు. ఆయన మామూలుగానే మాట్లాడుతున్నాడు.

పగలు ఒక గిడ్డంగుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూసే మావయ్య, సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ముందు గదిలోకి దూరిపోతాడు. ఆ గదిలో మూడు తెరలు, ఆరబెట్టడానికి బోర్లించిన కీబోర్డులు, ఎవరెవరివో విప్పిన ల్యాప్‌టాప్‌లు, వాటి మధ్య ఒక్క మనిషి పట్టేంత కాలిబాట ఉంటాయి. మరమ్మతు పని లేనప్పుడు ఆటలాడతాడు. ఆటలో ఓడినప్పుడు సిద్ధాంతాలు చెబుతాడు. సిద్ధాంతాలు చాలా ఉండేవి.

వాటిలో ముఖ్యమైనది పాజ్ బటన్ గురించి. ఆయన చిన్నప్పటి వీడియో గేముల్లో అమ్మ అన్నానికి పిలిస్తే ఒక మీట నొక్కితే చాలట. రాక్షసుడు ఎత్తిన గద ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే, మనం తిని చెయ్యి కడుక్కుని వచ్చేదాకా నిలబడేవాడట. ఇప్పటి ఆన్‌లైన్ ఆటల్లో అవతల ఆడేవాడు ఏ దేశంలో ఉంటాడో తెలియదు, మన ఇంట్లో కూర చల్లారిపోతోందని వాడికి పట్టదు, ఆగేది లేదు.

"రాక్షసుడికి ఉన్న మర్యాద మనిషికి లేకుండా పోయింది. నువ్వు లా చదివావు కదా, ఆ పాజ్ బటన్ తీసేసినవాడి మీద ఒక కేసు వెయ్యవే" అన్నాడు నాతో ఒకసారి.

"ఏ సెక్షన్ కింద వెయ్యమంటావు మావయ్యా?"

"అది వెతుక్కోవడానికే కదా నిన్ను చదివించారు."

ఆ తర్వాత ప్రతివాదుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. కిందికి లాగేకొద్దీ అంతు దొరకని పేజీని కనిపెట్టినవాడు. సినిమా భాగం ముగిసి మనిషి లేవబోయేలోపే తర్వాతి భాగాన్ని మొదలుపెట్టేవాడు. 'టైప్ చేస్తున్నారు' అని ఆశపెట్టి ఏమీ పంపని స్నేహితుడు, అలా ఆశపెట్టే వీలు కల్పించిన ఇంజినీరు, ఇద్దరూ. వీళ్ళందరి మీదా ఆయన తరఫున నేను దావాలు వేసి ఉంటే, ఈ పాటికి ఒక ప్రత్యేక న్యాయస్థానాన్నే ఏర్పాటు చేయాల్సి వచ్చేది.

నాకు ఓపిక తక్కువ. న్యాయం ఆలస్యం కాకూడదని నమ్మి ఈ వృత్తిలోకి వచ్చిన దాన్ని కాబట్టి, లిఫ్టు ఆలస్యమైనా సహించలేను. బటన్ నాలుగుసార్లు నొక్కుతాను. నాలుగోసారి నొక్కితే లిఫ్టుకి భయం వేస్తుందా అని మావయ్య అడిగేవాడు. అలాంటి నాకు ఆయన వైద్యంలోని ఆ పది నిమిషాలు మొదటినుంచీ కంటగింపే. ఆపడం సరే, వెయ్యడం సరే, మధ్యలో ఈ వాయిదా ఎందుకు?

పైగా ఆ పది నిమిషాలకు నియమాలున్నాయి. యంత్రం విశ్రాంతిలో ఉన్నంతసేపు దాన్ని తెచ్చినవాళ్ళు కిటికీ పక్కనున్న స్టూలు మీద కూర్చోవాలి. అసలేం జరిగిందో మొదటినుంచి చెప్పాలి. మావయ్య ఎదురుగా ఒక పాత యూపీఎస్ డబ్బా మీద కూర్చుని వినేవాడు. ఎక్కడా కూర్చోని మనిషి ఆ డబ్బా మీద మాత్రం కదలకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. రోగనిర్ధారణకు ఇది అవసరం కాబోలు అనుకునేదాన్ని.

వీధి చివరి పళ్ళ డాక్టరు ఒకరోజు ఊగిపోతూ వచ్చాడు, పేషెంట్ల అపాయింట్‌మెంట్లన్నీ మాయమయ్యాయని. ఆపెయ్ అన్నాడు మావయ్య. డాక్టరు కంప్యూటరుతో మొదలుపెట్టి, క్లినిక్‌లో తనతోపాటు పనిచేసే తమ్ముడు తనతో మాటలు మానేయడం దగ్గర ముగించాడు. కంప్యూటరు వేస్తే అపాయింట్‌మెంట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరోసారి ఒక కొత్త జంట వచ్చింది, పెళ్ళి ఫోటోలు ఎవరు చెరిపేశారన్న తగువుతో. స్టూలు ఒక్కటే కావడం వల్ల ఇద్దరూ దాని మీదే ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది. ఫోటోలు వేరే ఫోల్డర్‌లో దొరికేసరికి వాళ్ళకు తగువు ఎక్కడ మొదలైందో గుర్తులేదు. వీటిని నేను యాదృచ్ఛికాలుగా పరిగణించాను. రెండు ఉదాహరణలతో ఏదీ రుజువు కాదు.

ఇలా ఉండగా బస్సు డ్రైవరు కేసు నా చేతికొచ్చింది.

ఆయన చేసిన నేరం ఒక వీడియో ముక్కలో కనబడటం. ఒక వృద్ధుణ్ణి చొక్కా పట్టుకుని లాగుతూ, గట్టిగా అరుస్తూ ఉంటాడు. అంతే, ముక్క అయిపోతుంది. దాన్ని ఎవరో నెట్‌లో పెట్టారు. ఇంకెవరో దానికి డప్పు చప్పుడు కలిపారు. మరొకరు ఆయన తెరిచిన నోటిని స్టిక్కర్‌గా చేశారు. ముక్కూ మొహం తెలియని కుటుంబాల గ్రూపుల్లో ఆ మొహం 'శుభోదయం' పక్కన తిరిగింది. విచారణ అన్న మాటైనా ఎత్తకుండా రవాణా కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది.

నిజానికి ఆ పెద్దాయన కదులుతున్న బస్సులోంచి, ఎదురుగా లారీ వస్తుండగా, రోడ్డు మీదికి దిగబోయాడు. వెనక సీట్లో కూర్చున్న ఒక నర్సు ఫోనులో మొత్తం ఉంది. ముందు డ్రైవరు రెండుసార్లు మర్యాదగా కూర్చోమని చెప్పడం, బస్సు ఆపి పరుగెత్తుకుని వచ్చి వెనక్కు లాగడం, ఆ తర్వాత మంచినీళ్ళు తాగించడం. ఆ వీడియో సంపాదించడానికే నాకు చాలా రోజులు పట్టింది. అది చేతికొచ్చిన రోజు సాయంత్రం అయిదింటితోనే లేబర్ కోర్టులో అప్పీలుకు గడువు ముగుస్తుంది. దాటిందంటే ఆయనకు ఆ ఉద్యోగం ఇక లేనట్టే. అప్పీలు ఆన్‌లైన్‌లోనే పంపాలి. నాలుగు దాటాక నా ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది.

డ్రైవర్‌ను వెంటబెట్టుకుని, ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని మావయ్య ఇంటికి పరుగెత్తాను. అదృష్టవశాత్తూ ఆరోజు ఆయన ఇంట్లోనే ఉన్నాడు. విషయం వినకముందే చెయ్యి చాచి దాన్ని ఆపేశాడు.

"పది నిమిషాలు. కూర్చో."

"మావయ్యా, అయిదింటికి గడువు."

"తెలిసింది. కూర్చుని మొదటినుంచి చెప్పు."

నిలబడే చెప్పాను, ఊపిరి తీసుకోకుండా. ఆయన యూపీఎస్ డబ్బా మీద సర్దుకుని కూర్చున్నాడు.

"రెట్టింపు వేగం నాకు అలవాటే. కానీ ఇప్పుడు వద్దు" అన్నాడు.

కూర్చున్నాను. ఇలాంటి మనిషిని కుటుంబంలో పెట్టుకున్నందుకు మా అమ్మమీద కూడా కోపం వచ్చింది. పళ్ళ బిగువున మళ్ళీ మొదలుపెట్టాను. వీడియో చాలా పెద్దదని, కోర్టు సైటు అంత పెద్ద ఫైలు తీసుకోవడం లేదని, అప్‌లోడ్ బటన్ నేను చాలాసార్లు నొక్కానని, అయినా లొంగకపోతే కత్తిరించడం మొదలుపెట్టానని చెప్పాను. మొదట్లో మాటలేగా, అవి అనవసరం. చివర మంచినీళ్ళు, అదీ అనవసరం. లారీ రావడం, డ్రైవరు పెద్దాయన చొక్కా పట్టుకుని లాగడం, ఆ ముక్క ఒక్కటి ఉంచితే...

అక్కడ నా నోరు ఆగిపోయింది.

డ్రైవరు తన అరచేతులు చూసుకుంటున్నాడు. ముక్కలు చేసిన వీడియోతో ఒక మనిషిని శిక్షించడం ఎంత అన్యాయమో నా అప్పీలులో ఎంతో ఆవేశంగా రాశాను. దానికి జతచేయడానికి మరో ముక్క తయారుచేస్తున్నాను. అవతలి వకీలు దాన్ని చూసి, దీన్నీ కత్తిరించారుగా అని ఒక్క మాట అంటే చాలు.

"నేనూ కోసేస్తున్నాను మావయ్యా" అన్నాను.

"కొయ్యక్కర్లేదే. సైజు తగ్గిద్దాం. బొమ్మ కాస్త మసకబారుతుంది గాని, మొదలూ చివరా ఎక్కడికీ పోవు."

మసక అన్న మాటకు డ్రైవరు తలెత్తాడు. "నా మొహం మసకగా ఉంటేనే నయం సార్. ఇప్పటికే అందరికీ బాగా తెలిసిపోయింది" అన్నాడు. అన్ని రోజుల్లో ఆయన నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. నాకూ నవ్వొచ్చింది.

మావయ్య ల్యాప్‌టాప్ వేశాడు. అది ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంది. సైజు తగ్గింది. మొత్తం వీడియో, మొదటినుంచి మంచినీళ్ళదాకా, సైటులోకి ఎక్కింది. పంపే బటన్ ఒక్కసారే నొక్కాను. అప్పీలు అందినట్టు రసీదు వచ్చేసరికి ఇంకా అయిదు కాలేదు.

కొన్నాళ్ళకు కంపెనీ తన ఉత్తర్వు వెనక్కు తీసుకుంది. డ్రైవరు మళ్ళీ బస్సు ఎక్కాడు. మొత్తం వీడియోను కూడా నెట్‌లో పెట్టాం. దాన్ని చూసినవాళ్ళు తక్కువ, అది మరీ పొడుగ్గా ఉందని రాసినవాళ్ళు ఎక్కువ. డప్పు చప్పుడు కలిపినవాడు అప్పటికి ఒక పిల్లి వీడియో మీద పనిలో ఉన్నాడు.

ఈ వార్త చెబుదామని ఒక ఆదివారం మావయ్య ఇంటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. చెప్పులు విడుస్తూ లోపలికి తొంగిచూస్తే, మావయ్య ఒక్కడే తన కంప్యూటరు ముందున్నాడు. అది బిగుసుకుపోయినట్టుంది. ఆపాడు. నేను రెండో చెప్పు విడిచేలోపు మళ్ళీ వేశాడు. అది చక్కగా పనిచేసింది.

గుమ్మంలోనే నిలబడిపోయాను. లోపలినుంచి వస్తున్న అత్తయ్య నా మొహం చూసి ఆగింది.

"అత్తయ్యా, పది నిమిషాలు ఆగాలి కదా?"

"దానికా? రెండు గుక్కల నీళ్ళు తాగేంతసేపు చాలటగా" అంది అత్తయ్య, ఊరంతటికీ తెలిసిన సంగతి చెబుతున్నట్టు. "కాపురానికి వచ్చిన కొత్తలో నా మిక్సీ రోజుకోసారి పాడయ్యేది. అప్పుడు నాక్కూడా పది నిమిషాలనే చెప్పేవారు. మా ఊరు కబుర్లన్నీ ఆ స్టూలు మీదే అయిపోయాయి."

నేరుగా లోపలికి వెళ్ళి క్రాస్ ఎగ్జామినేషన్ మొదలుపెట్టాను.

"ఇప్పుడే ఆపి, ఇప్పుడే వేశావు. నేను చూశాను."

"ఇది కొత్త మోడలు" అన్నాడు మావయ్య తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"దాని మీద నేను బళ్ళో చదివేటప్పుడు అంటించిన స్టిక్కర్ ఉంది మావయ్యా."

"లోపల కొత్తది."

"అయితే ఏ మోడలుకి పది నిమిషాలు కావాలి?"

తప్పించుకునే దారి ఉందేమోనని కాసేపు చూశాడు. గదిలో ఉన్న ఒక్క కాలిబాటకూ నేనే అడ్డంగా నిలబడ్డాను.

"మోడలుదేముందే. పట్టుకొచ్చినవాళ్ళు ఎలా ఉన్నారో దాన్నిబట్టి" అన్నాడు చివరికి.

"పళ్ళ డాక్టరుకి?"

"ఆయనకి ఇంకాస్త ఎక్కువే ఇచ్చాను. తమ్ముడి గొడవ కదా."

"నాకు?"

"నీకు అరగంట అవసరమే. అయిదింటికి గడువన్నావని పదితో సరిపెట్టాను."

దీనికి తగిన జవాబు ఒకటి తయారవుతూ ఉండగానే ఆయన తెర మీద ఏదో ఘోరం జరిగిపోయింది. నాతో మాట్లాడుతున్న ఆ కాసేపట్లో, ఎక్కడో ఏ దేశంలోనో కూర్చున్న ఎవడో గుర్రమెక్కి వచ్చి, మావయ్య చాలాకాలంగా కట్టుకుంటున్న కోటను తగలబెట్టి వెళ్ళిపోయాడు. మావయ్య అంచు మీంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. పాజ్ ఉండి ఉంటే ఇలా జరిగేదా అన్నాడు. వాడు మనిషేనా అన్నాడు. వాడి మీద, వాడి గుర్రం మీద, ఆ ఆట తయారుచేసినవాళ్ళ మీద రేపు పొద్దున్నే కేసు వెయ్యమని నన్ను ఆజ్ఞాపించి, కీబోర్డును టపటపా బాదడం మొదలుపెట్టాడు. కంప్యూటరు బిగుసుకుపోయింది.

నేను వంగి స్విచ్చి ఆపేశాను.

"ఏమే, ఏం చేశావు?"

"పది నిమిషాలు ముట్టుకోకు. ఆ స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చెప్పు."

యూపీఎస్ డబ్బా మీద సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఇంత ఇరుకుగా ఉన్నదాని మీద ఆయన అంతసేపు ఎలా కూర్చునేవాడో నాకు అర్థం కాలేదు. మావయ్య స్టూలు వైపు చూశాడు, నా వైపు చూశాడు, గుమ్మంలో నవ్వు ఆపుకుంటున్న అత్తయ్య వైపు చూశాడు. వెళ్ళి కూర్చున్నాడు. ముందు అంచు మీద, ఆపైన మొత్తంగా.

"అసలు ఆ కోట నేను మొదలుపెట్టినప్పుడు..." అని, ఆగి, ఆరిపోయిన తెర వైపు అనుమానంగా చూశాడు. "అది మరీ వేడెక్కిందంటావా?"

"అది చల్లగానే ఉంది మావయ్యా. నువ్వు చెప్పు."