సుబ్బన్న నోట్లోని తెల్లదనం

1955 వేసవిలో రాజంపేట తాలూకా ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా చేరాను. హోదా ఘనంగానే ఉండేది గానీ, అక్కడ పెద్ద డాక్టరునూ నేనే, చిన్న డాక్టరునూ నేనే. సాయానికి ఒక కాంపౌండరు, ఒక నర్సమ్మ. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. ఇప్పటికీ యాడన్నా మగ్గం చప్పుడు వినబడితే నాకు ఆ వేసవే గుర్తొచ్చి ప్రాణం లేచొస్తుంది.

ఒక మధ్యాహ్నం దగ్గరి పల్లె నుంచి ఎల్లమ్మ అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త సుబ్బన్న చీరలు నేసేవాడు. టైఫాయిడ్ వచ్చి, అప్పట్లో కొత్తగా దొరుకుతున్న గొట్టం మాత్రలతో, అంటే క్యాప్సూళ్లతో, జ్వరం దిగింది. ఆ తర్వాత తిండి మానేశాడు.

“ఎన్నాళ్లుంటాడో చూసి చెప్పండి సార్. బద్వేలులో మా అన్నకు కబురంపల్ల” అంది.

జట్కాలో వెళ్లాను. ఆ వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. మంచం చుట్టూ చేరిన బంధువులు ఒక్కొక్కరే కడసారిగా అతని నోట్లో చెంచాడు పాలు పోస్తున్నారు. అతను మొహం తిప్పుకుంటున్నాడు. నూకలు చెల్లినాయి కాబట్టే వద్దంటున్నాడని సుబ్బన్న వాళ్లమ్మ కళ్లొత్తుకుంది.

మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించి నోరు తెరిపించాను. నాలుక, బుగ్గల లోపల అంతా తెల్లగా ఉంది.

“తాపిన పాలే సార్, అట్నే నిల్చిపోయినాయి” అంది ఎల్లమ్మ.

వేలికి గాజుగుడ్డ చుట్టి తుడిచాను. పాలైతే శుభ్రంగా పోవాలి. ఇది పొరలా ఊడి, కింద ఎర్రటి పుండు కనబడి రక్తం చెమర్చింది. సుబ్బన్న కెవ్వుమన్నాడు. ఆ అరుపు విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అది బూజు. కల్లును పులియబెట్టేదానికి దాయాది లాంటిది. అందరి నోళ్లలోనూ కాస్తో కూస్తో ఉంటుంది. ఒంట్లో రోగాన్ని అడ్డుకునే శక్తి సన్నగిల్లి, దాన్ని అదుపులో ఉంచే మంచి క్రిములు మందుల దెబ్బకు చచ్చిపోతే నోరంతా ఆక్రమిస్తుంది. గొంతులోకి దిగితే మెతుకు మింగడం నరకం. సుబ్బన్న చస్తున్నది జ్వరంతో కాదు, ఆకలితో.

అప్పట్లో మా దగ్గరున్నది జెన్షియన్ వయొలెట్ ఒక్కటే. దూదితో ఆ ఊదారంగు మందును పూటపూటకూ నోరంతా పూయించాను. చల్లారిన గంజి తాగించమన్నాను. చూసినవాళ్లు నేరేడుపండ్లు తిన్నాడా అని నవ్వేవారు. వారం తిరిగేసరికి సంగటి అడిగాడు. ఆ వీధిలో మగ్గాలు మళ్లీ ఆడాయి.

తర్వాత ఆసుపత్రికి నడిచొచ్చి, నేను ఏమీ అడగకముందే అందుకున్నాడు: “సావాలని నాకు యాడుండాది సార్? నోరు మండి వద్దంటి. అంతే, అందరూ ఏడ్సను మొదులుపెట్టిరి.”

రోగి తినడం లేదని ఎవరు చెప్పినా, తినాలని లేదా, తినలేకపోతున్నాడా అని ఆ తర్వాత ఉద్యోగమంతా అడిగాను. జవాబు వాళ్ల నుంచి తీసుకోలేదు. నోరు తెరిపించి చూసుకున్నాను.