పిల్లవాగుకు కావలి

కొత్తకుంట సర్పంచి పదవి ఆడవాళ్లకు రిజర్వు అయిందన్న మాట ఊళ్లోకి వచ్చినప్పుడు బీరమ్మ మడిలో కలుపు తీస్తోంది. అది తొంభై అయిదో సంవత్సరం. కూలికి పోయే మనిషిని నిలబెడితే చెప్పినచోట వేలిముద్ర వేసి ఊరుకుంటుందని పెద్దమనుషులు అనుకున్నారు. బీరమ్మ సర్పంచి అయింది గానీ ఆ లెక్క తప్పింది.

కొత్తకుంట పక్కనుంచి పారే పిల్లవాగు దిగువన మంజీరలో కలుస్తుంది. అక్కడి జలాశయం నీళ్లే సంగారెడ్డి తాగుతుంది, రాజధాని పట్నమూ తాగుతుంది. ఎగువన మాత్రం పటాన్‌చెరు దిక్కునుంచి ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే జరుగుతూ వచ్చాయి. వాన పడితే చాలు, వాగు మీద ఎర్రటి నురగ తేలేది. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేవి. వాగులో పడుకున్న బర్రెలకు పొదుగులు పొక్కేవి. కెమికల్ నీళ్ల టాంకర్లు వానలోనే ఎందుకు వస్తాయో ఊరందరికీ తెలుసు. వరద నీళ్లతో కలిసిపోతే ఆనవాలు దొరకదు.

బీరమ్మ ముందు నీళ్లబోర్డు ఆఫీసుకు పోయింది. జలాశయం మాది గానీ వాగు మాది కాదమ్మా అన్నారు. కాలుష్య మండలి వాళ్లు, మా తనిఖీ ఫ్యాక్టరీ గేటు దాకే, తోవలో బండిని ఆపాల్సింది పోలీసులు అన్నారు. పోలీసులు, అందులో ఉన్నది విషమో మంచినీళ్లో మేమెట్ల చెప్పాలె అన్నారు. అడవి శాఖ వాళ్ల హద్దు మంజీరలోని మొసళ్ల మడుగుల దగ్గరే ఆగిపోయింది. ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి చాయ్ కూడా తాగించారు. ఎవరికి వారు చెప్పింది నిజమే. అన్ని నిజాల నడుమ వాగు దిక్కులేనిదైంది.

ఆమె మండల అధికారి సూర్యారావు దగ్గరికి పోయింది.

"సారూ, తలా ఓ దగ్గర కూసుంటే గిట్లనే ఉంటది. అందర్ని ఒక్కపారి వాగుకాడికి పిలువుండ్రి. బువ్వ మా ఊరోళ్లు పెడ్తరు."

"పిలుస్తానమ్మా. వస్తారో రారో మాత్రం చెప్పలేను," అన్నాడాయన.

వచ్చారు. వాగు మంజీరలో కలిసేచోట కానుగల నీడలో జంపఖానాలు పరిచి, జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు పెట్టారు. తిన్నాక ఎవరినీ కూర్చోనివ్వలేదు బీరమ్మ. అడవి శాఖ వాచర్ బాలప్పను ముందు పెట్టి, అందరినీ వాగు వెంబడి ఎగువకు నడిపించింది. పొద్దుగూకే వేళకు పనులు పంచుకున్నారు. టాంకరు కనబడితే ఊరివాళ్లు అడ్డంపడాలి. బాలప్ప వైర్‌లెస్‌లో కబురు చెయ్యాలి. పోలీసులూ కాలుష్య మండలీ ఒకే జీపులో రావాలి. జలాశయంలో నీళ్ల రంగు మారితే నీళ్లబోర్డు వాళ్లు వెంటనే ఊరికి చెప్పాలి. వాగొడ్డు దాకా దున్నుతున్న మొగులయ్య పటేలు సైతం చాలాసేపు గొణిగి, అడవి శాఖ మొక్కలు ఇస్తే ఒడ్డు వదులుతానన్నాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. టాంకరు వచ్చింది. ఆడవాళ్లు ఎడ్లబండిని దారికి అడ్డం పెట్టారు. టాంకరు ఆగింది. దిగిన డ్రైవర్‌ను చూసి బీరమ్మ ఎడ్లబండి వెనకనుంచి ముందుకు వచ్చింది. వాడు ఆమె సొంత తమ్ముడు సంగయ్య. చిట్కుల్‌లో కిరాయికుంటూ ఏదో కంపెనీ బండి తోలుతున్నాడని మాత్రమే ఆమెకు తెలుసు.

"అక్కా, ఇడిచిపెట్టు. యాడ పొయ్యమంటే ఆడ పోస్త. నా చేతుల ఏమున్నది?"

బీరమ్మ సైగ చేస్తే చాలు, ఆడవాళ్లు ఎడ్లబండిని పక్కకు లాగేసేవాళ్లే. బాలప్ప వైర్‌లెస్ పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడ్డాడు. తనకు టైం ఇస్తున్నాడని ఆమెకు అర్థమైంది.

"బాలన్నా, చెప్పు," అంది. "టాంకర్ దొరికిందని చెప్పు. డ్రైవర్ సర్పంచి తమ్ముడని గూడ చెప్పు."

జీపు వచ్చేదాకా తమ్ముడి పక్కనే వానలో నిలబడింది. తన కొంగు వాడి తల మీద కప్పింది.

వచ్చిన ఎస్సై డ్రైవర్ మీద కేసు రాయబోయాడు. బీరమ్మ అడ్డం వచ్చింది.

"వీని తప్పు ఉంటే రాయుండ్రి సారూ, నేను వద్దనను. కానీ వీణ్ని పట్టుకపోతే రేపు ఇంకోడు తోల్కొస్తడు. ఈ నీళ్లు యాడికెళ్లి వచ్చినయో ఆడికి పోదాం. అందరు ఈడనే ఉన్నరు గద."

కాలుష్య మండలి ఇంజనీరు టాంకరు నీళ్లు సీసాలో పట్టుకుని, "పోదాం పదండి," అన్నాడు. పోలీసులు ఉన్నారు కాబట్టి గేటు తెరుచుకుంటుంది, ఇంజనీరు ఉన్నాడు కాబట్టి లోపల వెతకవచ్చు. కానీ దారి ఎవరు చూపాలి? అందరూ సంగయ్య వైపు చూశారు. వాడు అక్కను చూశాడు. తరువాత జీపు ముందు సీట్లోకి ఎక్కాడు. ఫ్యాక్టరీ వెనక గోడవారగా, రేకులు కప్పిన గుంటను వాడే చూపించాడు. గుంటలో నీళ్లూ టాంకరులో నీళ్లూ ఒక్కటేనని పరీక్షలో తేలింది. నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు కట్టేదాకా ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

సంగయ్య నౌకరీ పోయింది. "తోడబుట్టినోని పొట్ట కొట్టినవ్," అని తల్లి రాజవ్వ చాన్నాళ్లు బీరమ్మ గడప తొక్కలేదు. సంగయ్య మాత్రం వచ్చి వెళ్తూనే ఉన్నాడు. జోగిపేటలో ఒకరి ట్రాక్టరు తోలుతూ, వాన పట్టిన రోజుల్లో వచ్చి ఊరివాళ్లతో పాటు కావలి కాశాడు. ఏ టాంకరు ఏ దారిన వస్తుందో వాడికి బాగా తెలుసు.

వాగొడ్డున మొదలైన మీటింగులు ఆగలేదు. ఎగువ ఊళ్లూ వచ్చి చేరాయి. అధికారులు బదిలీ అయి కొత్తవాళ్లు వచ్చినా, మొదట వాగు వెంట నడిచాకే పనిలో దిగడం ఆనవాయితీ అయింది. మూడో వానాకాలానికి నురగ పోయింది. మొగులయ్య వదిలిన ఒడ్డున గడ్డి బలిసింది.

పదవి దిగిపోయిన ఏడాది, బీరమ్మ పెళ్లిమాటలకని సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఒక ఇంటికి పోయింది. ఆ ఇల్లాలు నల్లా కింద చెంబు పట్టి అందించింది.

"తాగు వదినె, మంజీర నీళ్లు. మస్తుగుంటయ్."

బీరమ్మ గుక్క తిప్పుకోకుండా తాగింది. "ఇవి ఏ తొవ్వన వస్తయో ఎరుకేనా?" అని మొదలుపెట్టి, పెళ్లిమాటలు పక్కకు పెట్టి, సంగతంతా చెప్పింది. తన గురించి తక్కువే చెప్పింది. "ఫ్యాక్టరీకి తొవ్వ చూపింది మా తమ్ముడే," అన్న మాట మాత్రం మళ్లీ మళ్లీ చెప్పింది.