రైలెక్కించిన లెక్కల మాస్టారు

మా లెక్కల మాస్టారు పోయారని బాపట్ల నుంచి ఫోన్ వచ్చేసరికి నేను తెనాలిలో ఒక నెట్ సెంటర్లో కూర్చుని, పదో తరగతి పాసైన మా అమ్మాయికి పాలిటెక్నిక్ డిప్లొమా ఆప్షన్లు పెట్టిస్తున్నాను. అమ్మాయి నా వెనకే నిలబడి ఉంది. "అందరూ కంప్యూటర్సే పెడుతున్నారండీ, అదే కొట్టేశా. ఫ్రీజ్ చేసేయమంటారా, ఇక మార్చడం కుదరదు?" అంటున్నాడు సెంటరాయన.

"ఆగండి" అని, ఆ ఆప్షన్ల జాబితా ప్రింటు తీయించుకుని, అమ్మాయితో బాపట్ల రైలెక్కాను. గడువు మర్నాటి సాయంత్రం దాకా ఉంది.

రేపల్లె హైస్కూల్లో పనిచేసినన్నాళ్లూ మాస్టారికి ఒక పిచ్చి ఉండేది. ఏటా పదో తరగతి పిల్లల్ని తెనాలి రైలెక్కించి, తలా ఒక నోటుపుస్తకం ఇచ్చి, పెట్టెలో కనబడ్డవాళ్లనల్లా రెండే ప్రశ్నలు అడిగి రాసుకు రమ్మనేవారు. ఏం చదివితే మీకీ పని వచ్చిందండీ? రోజంతా ఏం చేస్తారండీ?

"లెక్కలు చెప్పమంటే రైళ్లెక్కిస్తాడేంటీయన!" అని మా నాన్న స్కూలుకొచ్చి మరీ గొడవపడ్డాడు. మాస్టారు చొక్కా జేబులో సుద్దముక్కలు కదుపుకుంటూ అంతా విన్నారు. "మంచి జీతమే రావాలండి, కాదనను. ఆ జీతం కోసం వీడు రోజంతా ఏం చేయాలో కూడా తెలియాలిగా" అన్నారు.

నాకేమో సిగ్గు. ఎవర్నీ అడగలేదు, పక్కవాడి పుస్తకంలోది దింపేశాను. కూడా వచ్చిన మాస్టారు తెనాలి ప్లాట్‌ఫారం మీదే పట్టేశారు. కొట్టలేదు. "బతుకు కూడా పక్కవాడిది చూసి రాస్తావేంట్రా?" అన్నారు.

అలాగే రాశాను. వాడు ఎంపీసీ అంటే ఎంపీసీ, ఇంజినీరింగ్ అంటే ఇంజినీరింగ్. నాలుగేళ్లు ఏడుస్తూ లాగి, ఇప్పుడు రొయ్యల మేత అమ్ముకుంటున్నాను. నా ఒళ్లు మండేది దానికి కాదు. ఇంత తెలిసీ నా కూతురికి మళ్లీ అదే చేయబోయినందుకు. మాస్టారు రిటైరై బాపట్ల వెళ్లిపోయాక ఆ ప్రయాణం స్కూలువాళ్లు మానిపించేశారు. స్టడీ అవర్లతో టైం లేదట! చదివి ఏమవ్వాలో కనుక్కోడానికి టైం లేదట! ఎందుకు మానేశారని నేనూ ఏనాడూ అడగలేదు.

బాపట్లలో మాస్టారి భార్య అంత దుఃఖంలోనూ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, "ఏం చదువుదామనుకుంటున్నావమ్మా?" అని అడిగారు. అది నా మొహం చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు ప్రయాణంలో, తెనాలిలో దిగి మా ఊరు రేపల్లె రైలెక్కాక, దానికి ఇదంతా చెప్పాను. ఆ ఆప్షన్ల కాగితం చేతికిచ్చి, "నువ్వే పెట్టుకో" అన్నాను.

"నాకేం తెలుసు నాన్నా?" అంది కోపంగా. "ఇన్నాళ్లూ ఒక్కసారైనా అడిగావా?"

ఆ మాటంటూనే నా జేబులో పెన్ను లాక్కుంది. ఎదురు సీట్లో ఒకావిడ పొలాల మట్టి నమూనాల సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఆంటీ, ఏం చదివితే మీకీ పని వచ్చిందండీ?" అంది మా అమ్మాయి. ఆవిడ నవ్వి, జరిగి చోటిచ్చింది.

అది కాగితం తిరగేసి రాసుకుంటోంది. కంప్యూటర్స్, కంప్యూటర్స్ అన్న వరస నా వైపుకి కనబడుతోంది. రేపల్లె వచ్చేసరికి పెట్టె చివరికెళ్లిపోయింది. ఎవరో కరెంటు లైన్‌మన్ ముందు నిలబడి, బండి ఆగినా ఇంకా రాస్తూనే ఉంది.