సగం మీసం పోగొట్టిన ఏడో పాట

మా వీధిలో సెలూన్ నడిపే ఆయన్ని అందరూ నిదానం అంటారు. ఒక్క తలకి ముప్పావుగంట పడుతుంది. అంత నిమ్మళమైన మనిషి ఆ వారం మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

కారణం ఆయన చెల్లెలు. సైన్సు టీచరు. ఏడాది సెలవు పెట్టి, ఏ కంపెనీ అండా లేకుండా, గిటారు పట్టుకుని తొమ్మిది జానపద పాటలతో ఓ ఆల్బమ్ చేసింది. సెలవు ఆదివారంతో అయిపోతుంది.

"అన్నయ్యా, నా పేరెత్తకుండా షాపులో వెయ్యి. ఎవరేమన్నారో ఉన్నదున్నట్టు రాసిపెట్టు. ఒక్కరి మనసుకి పట్టినా ఇంకో ఏడాది పాడతా. లేదంటే గిటారు అటకెక్కుతుంది, నేను బడికెళ్తా" అంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

గొంతు మీద కత్తి ఉండగా అడిగితే అందరూ 'అద్భుతం' అన్నారు. మొహం తుడిచాక అడిగితే అసలు మాట బయటికొచ్చింది. "డప్పు లేని జానపదమేంటి?" అన్నాడు బస్సు డ్రైవరు. మూడో పాటా అయిదో పాటా ఒకటేనని లెక్కల మాస్టారు తేల్చేశారు. మందుల షాపాయనైతే గొంతు బాగుందనీ, జలుబు తగ్గితే ఇంకా బాగుంటుందనీ చెప్పి మాత్ర పేరు కూడా రాసిచ్చాడు. నిదానం అవన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక రాసుకున్నాడు.

నేను ప్రెస్సులో ముప్ఫై ఏళ్లు ప్రూఫులు దిద్దినవాణ్ణి. తప్పు పట్టకపోతే నాకు తిన్నది అరగదు. బుధవారం గడ్డం గీయించుకుని "తొమ్మిది పాటలు, ఒకటే ఏడుపు" అన్నాను. విన్నవి రెండు, తీర్పు తొమ్మిదింటికీ! పాపం, అదీ రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున మీసం సరిచేయించుకుందామని వెళ్లాను. బెంచీ మీద ఒకావిడ పత్రిక తిరగేస్తోంది. ఏడో పాట మొదలైంది.

పాటలో, బోర్లించిన బకెట్ మీద ఓ చిన్నపిల్ల. వాళ్లన్న అమ్మ కత్తెర తెచ్చి ఆ పిల్లకి జుట్టు కత్తిరిస్తుంటాడు. ఇటు ఎక్కువైందని అటు, అటు ఎక్కువైందని ఇటు, చివరికి చెవుల పైదాకా తెచ్చేస్తాడు. వాడి మొహం వాడిపోతుంది. పిల్ల చేతికి అద్దం ఇస్తాడు.

ఆ పిల్ల ఏమంటుందో వినాలని స్పీకరు వైపు తల తిప్పాను. అదే క్షణంలో కత్తెర పడింది. ఇరవై ఏళ్ల మీసం, సగం నా ఒళ్లో ఉంది.

"అయ్యో సార్!" అన్నాడు నిదానం.

"నీ మొహం! ముందు పాట విననీవయ్యా!" అని కసిరాను.

'చాలా బాగుందన్నయ్యా' అంది పాటలో పిల్ల.

నేను మీసం సంగతే మర్చిపోయాను. వెనక నిదానం కూడా స్పీకరు వైపు తిరిగాడు.

బెంచీ మీదావిడ లేచి నా మూతి వంక చూసింది. "రాసుకో అన్నయ్యా, సార్ అభిప్రాయం" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆవిడెవరో.

నిదానం రాసుకోలేదు. "ఇది మన సంగతా?" అన్నాడు.

"వారం నుంచి వేస్తున్నావు, ఇవాళా విన్నావు?"

"వచ్చినవాళ్ల మొహాలు చూడ్డంతోనే సరిపోయిందే." కత్తెర కింద పెట్టాడు. "నిజం చెప్పు. ఆ రోజు బాగుందా?"

"లేదు. నెల రోజులు టోపీ తియ్యలేదు నేను."

"ఆ మాట నమ్మే కదే నేను ఈ షాపు పెట్టింది!"

ఆవిడ నవ్వలేక ఏడ్చింది, ఏడవలేక నవ్వింది. మర్నాడు బడికి వెళ్లింది గానీ, సెలవు పొడిగించమని అర్జీ ఇవ్వడానికే.

ఆ ఆదివారమే మిగతా సగం మీసం కూడా తీసేసి, నిదానం భయంభయంగా నా చేతికి అద్దం ఇచ్చాడు. చూసుకున్నాను. తొక్క తీసిన బంగాళాదుంపలా ఉన్నాను.

"చాలా బాగుందయ్యా" అన్నాను.