కొత్త కాకముందు చిక్కుడు గింజలు

మా అత్త మకరోనీ వండిన రోజుకి నాకు మలేరియా జ్వరం దిగి కొన్ని రోజులే అయింది. నోరంతా చేదు. అన్నం చూస్తే వాంతి వచ్చేది, రాగులతో కాచే చోడి అంబలి వాసన తగిలితే మొహం తిప్పుకునేదాన్ని. తొంభైల చివరి సంవత్సరాలవి. అరకు దాటి, జీపు దిగి, ఇంకా కొంత దూరం కొండ ఎక్కితే వచ్చే ఆ ఊరికి నేను కోడలిగా వచ్చాక అది రెండో చలికాలం. మొదటి చలికాలం పుట్టింట్లోనే గడిచిపోయింది కాబట్టి ఆ ఊరి చలీ, ఆ చలిలో జరిగేవీ నాకు తెలియవు.

నేను పుట్టింది విజయనగరం దగ్గర, పెరిగింది మిషన్ హాస్టల్లో. బైబిలు కంఠత వాక్యాల పోటీల్లో ఎప్పుడూ ముందుండేదాన్ని. పెళ్ళయ్యాక ఇక్కడి సంఘంలో ఆదివారపు బడి నాకే అప్పగించారు. నా భర్త ఈ ఊరివారే. చదువుకునే రోజుల్లో బాప్తిస్మం తీసుకుని, పక్క ఊరి బడిలో టీచరుగా చేసేవారు. మా అత్త మాత్రం ఊరిదేవతకీ పోయిన పెద్దలకీ చేయవలసినవి చేసుకుంటూ పాత దారిలోనే ఉండేది. ఆమె రక్షణ కోసం నేను ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేదాన్ని. అది ఆమెకీ తెలుసు.

"నాకోసం కడుపు మాడ్సుకుంటన్నావేటే? నానేటి సెడిపోనానా?" అని నవ్వేది.

జ్వరంలో నాకు తినాలనిపించింది ఒక్కటే. హాస్టల్లో డిసెంబరు వచ్చిందంటే వార్డెనమ్మ ఒక ఆదివారం మకరోనీ చేయించేది. చలికాలపు కూరలన్నీ అందులో పడేవి. ఆరాధన నుంచి వచ్చి వరుసగా కూర్చుంటే పళ్ళేల్లోంచి ఆవిరి మొహానికి తగిలేది. అమ్మ దగ్గర లేని పిల్లలం, ఆ రోజు ఎవరం ఏడ్చేవాళ్ళం కాదు. నేను ఆ మాట పదే పదే అంటుంటే నా భర్త విశాఖపట్నం వెళ్ళినప్పుడు రెండు ప్యాకెట్లు తెచ్చారు. శుక్రవారం సంతలో క్యారెట్టు, క్యాబేజీ, కాలీఫ్లవరు, టమాటాలు కొన్నారు. మర్నాడు పొద్దున్నే ఆయన బడికి వెళ్ళిపోయారు. నాకు లేచి నిలబడే ఓపిక లేదు. దుప్పటి కప్పుకుని పొయ్యి పక్కన కూర్చుని నేను చెబుతుంటే అత్త వండింది.

ఆమె ఒక మకరోనీ ముక్క తీసి వెలుతురుకి పట్టి అటు నుంచి ఇటు చూసింది.

"ఓలమ్మ, బొక్కల బువ్వ! ఊదితే కూతొస్తాదేటి?"

"ఊదకు అత్తా, నీళ్ళు మరుగుతున్నాయి, వెయ్యి."

"ఎంతసేపు?"

"మెత్తబడాలి. ముద్దవకూడదు."

"మెత్తబడాలంట, ముద్దవకూడదంట. మీ హాస్టలు ఆడగుంటల్ని ఇలాగే పెంచినారేటి?"

ఉడికాక నీళ్ళు వార్చేయమంటే ఒప్పుకోలేదు. "గంజి పారబోత్తావేటే, పాపం!" అని ఒక గిన్నెలోకి వంచి, ఉప్పేసి పక్కన పెట్టుకుంది. దాకలో నూనె వేసి, అల్లం వెల్లుల్లి దంచి వేయించి, క్యారెట్టు ముక్కలు, కాలీఫ్లవరు, చివర్లో క్యాబేజీ వేసింది. టమాటా మగ్గింది. కొండమీద తోటల్లో చెట్లకు పాకే మిరియాలే, అప్పటికప్పుడు నూరింది. పాలు మాత్రం పొడి కలిపినవి. దూడ తాగవలసింది మనిషి తాగకూడదని ఆ ఊళ్ళో ఆవుల్ని పితకరు.

"ఇంకేటైనా ఏసీదా మీ వార్డెనమ్మ?"

"చిక్కుడు గింజలు వేసేది. లేతవి," అన్నాను.

వెయ్యమని అడగలేదు. ఆమె అడిగింది కాబట్టి చెప్పాను, అంతే. మా దడి మీద చిక్కుడు పాదు విరగకాసి ఉంది. అయినా మా ఇంట్లో చిక్కుడు కూర ఎందుకు కావడం లేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

అత్త గరిటె దాక అంచున ఆనించింది. తర్వాత లేచి బయటికి వెళ్ళింది. వచ్చేసరికి కొంగులో కాయలున్నాయి. కూర్చుని గింజలు ఒలిచింది. ఎప్పుడూ ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి, ఒలిచినంతసేపూ పలకలేదు. చలికి నోరు పెగలడం లేదనుకున్నాను.

గింజలు పాలల్లో ఉడికాక మకరోనీ కలిపి నా పళ్ళెంలో పెట్టింది. ఎన్నాళ్ళకో నోటికి రుచి తెలిసింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. నువ్వూ తినమంటే, "నాకు గంజి సాలు," అని వార్చిన నీళ్ళు తాగింది. నేను పళ్ళెం నాకినంత పని చేస్తుంటే చూస్తూ కూర్చుంది.

ఆ సాయంత్రం ఆమె తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, ఊరి పూజారి ఇంటికి వెళ్ళింది. తను చేసింది తనే చెప్పి వచ్చింది.

నాకు ఆ రాత్రి నా భర్త చెబితేగాని అర్థం కాలేదు. ఆ ఊళ్ళో కొత్త పంట ఏదైనా సరే, పూజారి రోజు పెట్టి, ఊరంతా గుడి దగ్గర చేరి, మొదటి వాటా దేవతకీ పెద్దలకీ పెట్టేదాకా ఎవరూ ముట్టరు. దాన్నే కొత్త అంటారు; ఎండాకాలంలో మామిడి కొత్తకి పిలిస్తే, విగ్రహాల పండగని నేను వెళ్ళనేలేదు. చిక్కుడు కొత్త ఇంకా కాలేదు. అంతకుముందు కోసినవాళ్ళకు ఊరు తప్పు, అంటే జరిమానా, వేస్తుంది. పైగా గుడి దగ్గర కొత్త నాటి కుండ వండే మనిషి మా అత్తే. ఆ పని ఆమెకి వాళ్ళ అత్త చేతినుంచి వచ్చింది. తప్పు పడ్డ చెయ్యి ఆ కుండ ముట్టకూడదు.

ఇదంతా చెబుతున్న నా భర్త మొహం వెలిగిపోతోంది. "అమ్మ తన చేత్తోనే కోసిందా? ఎవరూ చెప్పకుండానే?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. మా ప్రార్థనలకు జవాబు వచ్చిందని ఆయన నమ్మారు. ఆదివారం సంఘంలో పాస్టరుగారు కూడా అదే చెప్పి, ఆ తల్లి సంకెళ్ళు తెగడం మొదలైందని స్తుతులు చెల్లించారు. అందరూ చేతులెత్తి స్తోత్రం అన్నారు. నా పక్కన కూర్చున్నావిడ నా చెయ్యి పట్టుకుని, "మీ ఉపవాసాలు ఊరికే పోలేదమ్మా," అంది. నాకు ఆమేన్ అనడానికి నోరు రాలేదు. తల ఎత్తలేకపోయాను. ఆమె తన దేవతను తోసేసి కోయలేదు. భయపడుతూనే కోసింది. ఆ భయం నేను ఆ పొద్దున్న పొయ్యి పక్కనుంచి కళ్ళారా చూసి, చలి అనుకున్నాను.

ఇంటికి వచ్చి అడిగాను. "నీకు భయం వెయ్యలేదా అత్తా?"

"ఎందుకెయ్యదే? ఏసింది."

"మరెందుకు కోశావు?"

"నువ్వు తినాల గదా. దేవతకాడ తప్పు కడితే తీరతాది. మనిసి పోతే ఏటి కడతాం?" అని, నా మొహం చూసి, "ఏడవకే, బొక్కల బువ్వ అరగదు," అంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పూజారి ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని బుట్టకి అంచు అల్లుతున్నాడాయన. మా అత్త తోడికోడలు, నాకు చిన్నత్త, అక్కడే వలిసె నూనెగింజలు చెరుగుతోంది.

"తిన్నది నేను తాతా. తప్పు నామీద వెయ్యండి. ఏమి కట్టమంటే అది కడతాను. కుండ మా అత్తనే వండనివ్వండి," అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకున్నా బాగుండేది.

"నీమీదెలాగేత్తాం కోడలా? నువ్వు మా కొత్త తినవు. మా దేవతకి మొక్కవు. మా దేవత నిన్నెరగదు. ఎరగని మనిసికి తప్పేటి?"

చిన్నత్త చేట ఆపకుండానే అంది. "తినడానికైతే మా పంట కావాల. తప్పు కట్టడానికైతే ఈవిడొస్తాది. మరి కొత్తకి పిలిస్తే రాదు గదేటి."

ఒకరి దోషం ఇంకొకరు మోయడం గురించి నేను ఎంతోమంది పిల్లలకు చెప్పాను. ఆదివారపు బడిలో ఫ్లానెల్ గుడ్డ మీద బొమ్మలు అంటించి చెప్పాను. నేను కూడా ఒక్క చిన్న తప్పు మోద్దామని వస్తే, నువ్వెవరివి అన్నారు. మోయాలంటే ముందు వాళ్ళ మధ్యకి వచ్చి వాళ్ళలో ఒకరు కావాలి. మన ప్రభువు చేసింది అదే కదా. ఆ మాట బోధించిన నేనే ఏడాదికి పైగా ఆ ఊళ్ళో ఉంటూ, వాళ్ళ చిక్కుడు పాదుకి ఎందుకు చెయ్యి తగలడం లేదో కూడా తెలుసుకోలేదు. ఆయన ఇంటి నుంచి వస్తుంటే ఎదురైన ప్రతి మనిషీ నన్ను చూసి నవ్వుతున్నట్టే అనిపించింది. నిజానికి ఎవరూ నవ్వలేదు.

తప్పు తేల్చారు. అత్త ఒక కోడిపెట్ట ఇవ్వాలి. కొత్త నాడు అందరూ తినేదాకా గుడి ముందు గీసే గీతకి ఇవతలే ఉండాలి. కుండ చిన్నత్తకి వెళ్ళింది. ఒకసారి చెయ్యి మారిన కుండ మళ్ళీ వెనక్కి రాదని ఆ ఊరి కట్టు.

కొత్త రోజున తెల్లవారుజామునే అత్త స్నానం చేసింది. పెట్టని కాళ్ళు కట్టి చంకన పెట్టుకుని బయల్దేరింది. విగ్రహార్పితాలు పెట్టే చోటికి విశ్వాసులు వెళ్ళకూడదు. నా భర్త వద్దన్నారు. వెళ్ళాను. గుడి ముందు పిండితో గీసిన గీత ఉంది. గీతకి అవతల ఊరంతా, ఇవతల మా అత్త ఒక్కతే. ఆమె పక్కకి పోయి నిలబడ్డాను. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు.

"నువ్విక్కడేటి సేత్తన్నావే? మీ పాస్టరు సూస్తే?"

"చూడనీ."

"మంచులో నిలబడకు, జొరం తిరగబెడతాది. ఎల్లు బేగి."

నేను కదలలేదు. కుండ దగ్గర చిన్నత్త వంగినప్పుడల్లా అత్త చేతివేళ్ళు తమంతట తామే కదిలాయి. అది చూసి నేను నేలకేసి చూస్తూ ఉండిపోయాను. డప్పు ఆగింది. మొదటి వాటా పెట్టారు. పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, అందరూ తిన్నారు. పొద్దెక్కాక ఎవరో ఒక ఆకులో ఉడికిన చిక్కుడు గింజలు తెచ్చి గీత దాటించి మా అత్త చేతికిచ్చారు.

పంచి పెట్టకుండా ఆమె ఏదీ తినదు. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె ఆకులోంచో పళ్ళెంలోంచో నాకు ముద్ద రాని రోజు లేదు. ఆ ఆకు పట్టుకుని ఆమె నావైపు చూసింది. దేవతకి పెట్టింది విశ్వాసులు ముట్టకూడదని నాకు తెలుసు. ఇస్తే ఏమని వద్దనాలో తెలియలేదు. అత్త ఇవ్వలేదు. నేను కాదనవలసిన పని లేకుండా, అటు తిరిగి, నాకు వీపు పెట్టి కూర్చుని, ఒక్కతే తిన్నది.