మా బావ కుడి మోకాలు

పోయిన నెల కరీంనగర్‌లో ఎముకల డాక్టరు నా కుడి మోకాలి ఎక్స్‌రేని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసి, "వయసులో ఉన్నప్పుడు ఆటలేమైనా ఆడేవారా? అరుగుదల బాగా ఉంది" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పక్కన కూర్చున్న నా భార్య అందుకుంది. "ఈయనేడ ఆడిండు సార్! ఆడింది వీళ్ల బావ." డాక్టరు నవ్వేసి మందులు రాశాడు. ఆమె మాటలో దురుద్దేశమేమీ లేదు. మా చుట్టాల్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. విచిత్రమేమిటంటే, నలుగురి ముందు మోకాలు విరగ్గొట్టుకున్న మా బావ ఇవాళ్టికీ చేతికర్ర లేకుండా పొలం గట్ల మీద తిరుగుతున్నాడు. గోలీలు మింగాల్సిన గతి నాకు పట్టింది. మందుల షాపు ముందు నిలబడి చిల్లర కోసం చూస్తుంటే, ఎన్నో ఏళ్లుగా తలచుకోని సౌదీలోని ఖమీస్ ముషైత్ కళ్ల ముందుకొచ్చింది.

బావంటే మా మేనత్త కొడుకు. నాకంటే కాస్త పెద్దవాడు, తర్వాత మా చెల్లెల్ని చేసుకున్నాడు. ఆయన ఏం చేసినా జనానికి నచ్చేది. నేను అదే పని చేస్తే ఎవరికీ కనబడేది కాదు. మా ఇంట్లో కోడిని కోస్తే మా అమ్మ కాలు ముక్క ఆయన కంచంలోనే వేసేది. అల్లుడు కదా అనుకోవడానికి లేదు, అల్లుడు కాకముందు నుంచీ వేసేది. సౌదీకి మాత్రం నేనే ముందు పోయాను. ఖమీస్‌లో ఒక కట్టుబడి కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా కుదురుకుని, ఇక్కడైనా నన్ను నన్నుగా చూసే మనుషులు దొరికారని సంతోషపడుతుండగా, నా వెనకే ఆయన పరంజా కట్టే పనికి వీసా తెచ్చుకుని దిగాడు. దిగిన నెలలోపే క్యాంపులో అందరూ నన్ను "ఫలానాయన బామ్మర్ది" అనడం మొదలుపెట్టారు.

సౌదీ అనగానే ఇసుక, ఎండ అనుకుంటారు కానీ ఖమీస్ కొండల మీది ఊరు. చలికాలం పొద్దున మంచు దిగేది. జగిత్యాల ఎండలు తప్ప ఎరగని మేము స్వెట్టర్ల మీద స్వెట్టర్లు తొడుక్కుని పనికి పోయేవాళ్లం. కొండల మీద కోతులు కూడా ఉండేవి, మన కోతుల కంటే పెద్దవి, మొహం నిండా కోపంతో. క్యాంపు రేకుల గదుల వెనక ఖాళీ జాగాలో మా వాలీబాల్ కోర్టు. నూనె డ్రమ్ముల్లో సిమెంటు పోసి, పరంజా పైపులు నిలబెట్టి, వాటికి వల కట్టాం. కట్టింది బావే. ఆటలో ఆయన లిఫ్టర్. వల పక్కన నిలబడి, వెనక వాళ్లు అందించిన బంతిని షాట్ కొట్టేవాడికి సరిగ్గా అందే ఎత్తుకు లేపి పెట్టేవాడే లిఫ్టర్. ఆట అంతా అతని వేళ్ల మీదే నడుస్తుంది. బావ వేళ్లలో ఏముండేదో కానీ, బంతి ఆయన చేతుల్లోంచి చప్పుడు లేకుండా లేచేది. ఎటు లేపబోతున్నాడో అవతలి జట్టుకే కాదు, మాకూ తెలిసేది కాదు. ఏటా చుట్టుపక్కల క్యాంపుల మధ్య జరిగే పోటీలో గెలిచినవాళ్లకు ఒక గొర్రెపోతు ఇచ్చేవారు. బావ వచ్చాక అది రెండుసార్లూ మా వంటింటికే వచ్చింది. నేను ఆ జట్టులో అదనపు ఆటగాణ్ని. అంటే నీళ్ల క్యాను మోసేవాణ్ని.

కువైట్ గొడవ మొదలైన ఏడు, ఒక శుక్రవారం మధ్యాహ్నం బావ వల మీద బంతిని అడ్డుకోబోయి ఎగిరి, దిగేటప్పుడు ఒక గులకరాయి మీద కాలు పెట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కుడి మోకాలు చూస్తుండగానే గుమ్మడికాయంత అయింది. ఈజిప్టు డాక్టరు చూసి, లోపల నరం తెగిందని పట్టీ వేసి, ఇక ఎగరడం, ఎక్కడం మరచిపొమ్మన్నాడు. పరంజా ఎక్కలేని మనిషిని కంపెనీ ఉంచుకోదు. ముదీర్, అంటే మా మేనేజరు, ఎగ్జిట్ కొట్టించి ఇంటికి పంపేస్తాడని అందరం అనుకున్నాం. ఆ వారమంతా నాకు చెల్లెలు, దాని ఇద్దరు పిల్లలు, ఇంకా గోడల దాకా కూడా లేవని వాళ్ల ఇల్లు కళ్లలో మెదిలేవి.

అంతలో యుద్ధం దగ్గరపడింది. ఊరి పక్కనే విమానాల స్థావరం. సాయంత్రమైతే విమానాలు లేచే మోతకు మా గదుల రేకులు వణికేవి, గ్లాసులో చాయ్ వణికేది. రేడియో చుట్టూ మూగి, తెలిసినా తెలియకపోయినా తలలూపేవాళ్లం. భయపడి చాలామంది తమంతట తామే ఎగ్జిట్ అడిగి వెళ్లిపోయారు. మా జట్టులో మంచి షాట్ కొట్టేవాళ్లిద్దరూ అలాగే పోయారు. మనుషులు కరువయ్యేసరికి ముదీర్ కుంటివాణ్ని కూడా వదులుకోలేకపోయాడు. బావను స్టోర్‌లో కూర్చోబెట్టి, క్లాంపులూ బోల్టులూ ఇచ్చే పని అప్పగించాడు. జీతం అదే. పైగా నీడ, కుర్చీ, కెటిల్. లోకమంతా యుద్ధంతో అల్లాడుతుంటే ఆ యుద్ధం మా బావను మాత్రం చల్లగా కూర్చోబెట్టింది. నేను చలిగాలికి స్తంభాలెక్కి వైర్లు బిగిస్తూ పైనుంచి చూస్తే, స్టోర్ కిటికీలో ఆయన చాయ్ కప్పు, దాని చుట్టూ నవ్వుతున్న నలుగురు మనుషులు కనబడేవారు. చెల్లెలి ఇల్లు నిలబడిందని సంతోషపడ్డాను. ఆ సంతోషం నాలుగు రోజులున్నట్టుంది.

వేరే దిక్కులేక నన్ను లిఫ్టర్ చేశారు. ఎంతకాలంగానో కోరుకున్న చోటు. కానీ ఆడేదెవరితో? మిగిలినవాళ్లలో సగం మంది కబడ్డీవాళ్లు. బంతి వెనక నుంచి ఎప్పుడూ సరిగ్గా వచ్చేది కాదు. ఒకటి కొండ వైపు, ఒకటి వంటిల్లు వైపు. నేను దాని వెనక కుక్కలా పరిగెత్తి ఎలాగో పైకి లేపేవాణ్ని. పక్క కంపెనీ మలయాళీలు మమ్మల్ని ఓడించారు, పాకిస్తానీ డ్రైవర్లు ఓడించారు, ఆఖరికి ఆట కొత్తగా నేర్చుకుంటున్న బంగ్లా వాళ్లు కూడా ఓడించారు. ఓడిన ప్రతిసారీ మా వంట కాకా గరిటె పట్టుకుని వచ్చి, "ఆయనుంటె గిట్లయ్యేదా?" అనేవాడు. బావ గీత పక్కన బోర్లించిన డబ్బా మీద కాలు చాచుకుని కూర్చునేవాడు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఆయన చుట్టూ చేరేవారు. ఆట నేను ఆడుతుంటే, జనం కూర్చున్నవాణ్ని చూసేవారు.

ఆ రోజుల్లో ఉత్తరాల కంటే క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. ఇంటి దగ్గర వాళ్లు మాట్లాడి, ఊరికి వచ్చి తిరిగిపోయే ఎవరి చేతనో పంపేవారు. యుద్ధం ఆగాక వచ్చిన మొదటి క్యాసెట్‌లో మా చెల్లెలు ఒక పక్కంతా బావ మోకాలి గురించే మాట్లాడింది. వాపు తగ్గిందా, నూనె రాస్తున్నాడా, రాత్రి సలుపుతుందా. ఇక క్యాసెట్ అయిపోతుందనగా నా పేరొచ్చింది. "అన్నా, ఆయనను మల్ల ఆటకు పోనియ్యకు. మోకాలు మల్ల పోతె మాకెవరు దిక్కు? నీకు దండం వెడ్త. నువ్వు గూడ పైలం." ఆ 'గూడ' దగ్గర టేపు ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. యుద్ధమంతా స్తంభాల మీద గడిపిన అన్నకు చెల్లెలు ఇచ్చిన వాటా ఆ ఒక్క మాట.

అయితే ఆ క్యాసెట్ నా చేతికి ఒక అధికారం కూడా ఇచ్చింది. అప్పటికే బావ స్టోర్ వెనక గోడకు బంతి కొట్టడం మొదలుపెట్టాడని నాకు తెలుసు. క్యాంపుల పోటీ మళ్లీ పెడతారని కబురొచ్చింది. స్టోర్‌కు పోయి చెప్పాను.

"బావా, నువ్వు ఆడొద్దు. ముదీర్ చూసిండంటె మోకాలు మంచిగయ్యిందని మల్ల పరంజా ఎక్కిస్తడు. కింద వడ్డవంటె ఎగ్జిటే."

ఆయన క్లాంపులు తుడుస్తూ తలెత్తకుండా అడిగాడు. "గిది నీ చెల్లె చెప్పిందా, నువ్వు చెప్తున్నవా?"

"చెల్లె చెప్పింది. కావాలంటె క్యాసెట్ తెస్త."

"నీ చెల్లె చెప్పింది నేనూ విన్న. నిన్ను అడుగుతున్న."

చెల్లెలి మీది ప్రేమ ఎంత, నా చోటు పోతుందన్న బాధ ఎంత అని విడదీసి చూసుకోవడానికి అప్పుడు ధైర్యం చాలలేదు, ఇప్పుడు ఓపిక లేదు. ఆయన క్లాంపు పక్కన పెట్టి, "ఒక్కసారి నిలవడి చూస్త రా. నిలవడకపోతె నాకు స్టోర్ల గూడ ఊపిరాడతలేదు" అన్నాడు.

ఆయన మొదటి ఆటలో నిలబడ్డాడు, ఓడిపోయాం. రెండోదీ ఓడిపోయాం. రెండడుగుల దూరంలో పడ్డ బంతికి కూడా ఆయన చేరుకోలేకపోయాడు. చేరుకోబోయి భయంతో ఆగిపోవడం కనబడేది. గీత పక్కన నీళ్ల క్యాను దగ్గర నిలబడి నేను పైకి అయ్యో అంటున్నాను, లోపల మాత్రం హాయిగా ఉంది. కాకా కూడా ఈసారి గరిటె తేలేదు. మూడో శుక్రవారం పొద్దున బావ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. "బామ్మర్దీ, నాకు చేతులున్నయి, కాలు లేదు. బంతి నా దగ్గరికి రావాలె. ఇన్ని రోజులు పాడు బంతులెనక ఉరికి ఉరికి నీకు అలవాటయ్యింది. ఎనక నువ్వు నిలవడు. ఏడ వడ్డ బంతినైనా నా చేతులకు తెచ్చియ్యి." అడిగిన తీరు ఎంత మర్యాదగా ఉందంటే, నన్ను తన కాలుగా ఉండమంటున్నాడని అర్థమయ్యేసరికి నేను సరేననేశాను.

అలాగే ఆడాం. బావ వల పక్కన స్తంభంలా కదలకుండా నిలబడేవాడు. నేను వెనక నాలుగు మూలలా పరిగెత్తేవాణ్ని. గులకరాళ్ల మీద ఎన్నిసార్లు మోకాళ్ల మీద పడ్డానో లెక్కలేదు. బంతి లేచి ఆయన అరచేతుల్లో పడగానే ఆయన తల తిప్పకుండా ఎటో లేపేవాడు, మా కబడ్డీవాడెవడో గుద్దేవాడు, అవతల నేల మోగేది. జనం "లిఫ్టర్! లిఫ్టర్!" అని అరిచేవారు. బంతి ఎక్కణ్నుంచి వచ్చిందో ఒక్కడికీ పట్టలేదు.

ఆఖరి ఆట మలయాళీలతో. చివర్లో రెండు జట్లూ సమానంగా ఉన్నప్పుడు బావ తనను తానే మరచిపోయి ఎగిరాడు. దిగుతూనే కూలబడి కుడికాలు పట్టుకున్నాడు. నేనెలా చేరుకున్నానో తెలియదు, ఆయన పక్కన మోకాళ్ల మీద ఉన్నాను. కళ్ల ముందు చెల్లెలి మొహం. "బావా, ఏడ? ఏడ నొస్తుంది?" అంటున్నాను. ఆయన నా వైపు చూసి, "ఏం గాలే. బూటు తాడు తెగింది" అన్నాడు. ఆ బూటు పీకి నా చేతిలో పెట్టి వట్టికాలితో లేచాడు. దాన్ని గీత అవతల విసిరేసి వెనక్కి పరిగెత్తాను. ఆఖరి బంతి పైపుకు తగిలి కొండ వైపు పోతుంటే నేల మీదికి దూకి ఒంటి చేత్తో లేపాను. బావ దాన్ని తల వెనక్కి లేపాడు, మా కబడ్డీవాడు గుద్దాడు. గెలిచాం. జనం వచ్చి బావను భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను నేల మీంచి లేచి, ఒంటి మీది దుమ్ము దులుపుకుని, బూటు వెతుక్కొచ్చి వాళ్ల వెనకే నడిచాను.

పొద్దు గూకేవేళ కోర్టు పక్కనే గొర్రెకూర తింటుంటే బావ పళ్లెం పట్టుకుని నా పక్కన వచ్చి కూర్చున్నాడు. కాసేపు తిని, తల వంచుకునే అన్నాడు. "ఒక మాట చెప్త, నవ్వద్దు. నేను డబ్బ మీద కూసున్నన్ని రోజులు నువ్వు బంతి జారవిడిస్తె బాగుండని మొక్కిన. మీరు ఓడితె నాకు ఆ పూట అన్నం రుచిగుండేది. నువ్వొక్కొక్కసారి మంచిగ లేపితె కడుపుల మండేది రా. సొంత బామ్మర్దివి, గయినా మండేది." నాకు నవ్వు రాలేదు. పుట్టినప్పట్నుంచీ ఎదురుచూసిన మెప్పు ఏదో దొరికినట్టు ఒళ్లంతా వెచ్చబడింది. నన్ను చూసి ఈ మనిషి కుళ్లుకున్నాడు! ఆయన లేచి వెళ్లాక, ఆ మాటే మళ్లీ ఒకసారి చెప్పించుకోవాల్సిందని అనిపించింది.

ముదీర్ ఆ ఆట తన బండిలో కూర్చుని చూశాడట. శనివారం పొద్దున్నే బావను స్టోర్ నుంచి లేపి పరంజా మీదికి పంపాడు. చెల్లెలు తర్వాతి క్యాసెట్‌లో నన్నే తిట్టింది, అదీ ఒక పక్కంతా. బావ మాత్రం కాలు చూసుకుంటూ, ఒక్కొక్క పైపే పట్టుకుని, ఇంకొన్నేళ్లు ఎక్కాడు. వాళ్ల ఇంటికి గోడలు లేచాయి, పైకప్పు పడింది. అప్పుడు తనే ఎగ్జిట్ అడిగాడు. దగ్గర్లోని అబహా ఎయిర్‌పోర్టుకు పోయే బండి ఎక్కేరోజు క్యాంపు క్యాంపంతా గేటు దగ్గరికి వచ్చింది, నేను సెలవు మీద పోయినప్పుడు ఎన్నడూ రానంత మంది. అది చూసి కూడా నాకు మండింది. తర్వాతి శుక్రవారం లిఫ్టర్‌గా నిలబడమని నన్నే పిలిచారు. వల పక్కన నా చోట్లో నిలబడి, బంతి రాకముందే ఒకసారి గీత అవతలికి చూశాను. ఒకప్పుడు బావ డబ్బా మీద కూర్చున్న చోట ఎవరూ లేరు. ఎవరి మీదైనా కుళ్లుకోవాలన్నా ఆ మనిషి ఎదురుగా ఉండాలని నాకు అప్పుడు తెలిసింది. కాలం నాకు నేర్పినవన్నీ ఇలాగే, పక్కన మనిషి లేచి వెళ్లిపోయాకే నేర్పింది.