గూట్లో బోర్లించిన గ్లాసు

మా చిన్నప్పుడు గురజాలలో మోటారు సైకిలుకు ఆయిల్ మార్చాలంటే మెకానిక్కే ఇంటికొచ్చేవాడు... మా ఇంటికి యేసోబు వచ్చేవాడు. సెంటర్లో చిన్న రేకుల షెడ్డు, చర్చి వెనక పేటలో ఇల్లు.

వాకిట్లో బండి స్టాండు వేసి, ఇంజను కాసేపు ఆడించి, కింద సత్తు బేసిను పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పేవాడు. నల్లటి ఆయిల్ ధార కట్టేది... రెండు వేళ్ళ మధ్య రుద్ది వాసన చూసి, "అయ్యగారు ఈసారి బండిని చానా తిప్పారే!" అని నవ్వేవాడు. మళ్ళీ బోల్టు పెట్టేటప్పుడు వెంటనే పానా పట్టేవాడు కాదు. "వేళ్ళతో ఎంత తిరిగితే అంత తిరగనియ్యాల చిన్నయ్యా... పానా ఆఖర్న, అదీ ఒక్క పట్టు."

పనయ్యాక టీ. బయటి గోడ గూట్లో ఆయన కోసం విడిగా ఓ గాజు గ్లాసు ఉండేది, అంచు విరిగింది. నాయనమ్మ పైనుంచి ఎత్తి పోసేది... తాగి, ఆయనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్ళేవాడు.

ఆ పాత ఆయిల్‌ని నాయనమ్మ డబ్బాలో దాచుకునేది. తలుపు బందులకు, చెద పట్టకుండా కొట్టం గుంజలకు... ఆయన చేతుల మీదుగా వచ్చిన మురికి ఆయిల్ మా గుమ్మాలకు పనికొచ్చేది. ఆయన పెదవి తగిలిన గ్లాసు మాత్రం మా వంటింటికి పనికొచ్చేది కాదు!

నాకప్పుడు పదహారేళ్ళు. బస్టాండులో పంచే కులనిర్మూలన కరపత్రాలు ఏరుకొచ్చి, చదివి చదివి ఒళ్ళు మండిపోతుండేది. ఒకరోజు ఆ గ్లాసు తెచ్చి నాయనమ్మ ముందు పెట్టాను.

"నాక్కూడా దీంట్లోనే పొయ్యి."

"ఏందిరా నీకు పట్టిన తెగులు? కాలేజీకి పోయి చదవరా అంటే చిత్తుకాగితాలు చదివొచ్చి నా మీద పడతావేంది?"

"ఆయన మనిషి కాదా?"

"కాదని నేనన్నానా? వాడికి లేని బాధ నీకెందుకంట!"

వాడికి లేని బాధ... ఆ మాట నాలుగు రోజులు అన్నం తిననివ్వలేదు.

ఆ వారమే నాన్న ఎరువుల కొట్టుకు వెళ్తూ చెప్పాడు. "రేపు దుర్గి పోవాలి. యేసోబును పిలిచి ఆయిల్ మార్పించు."

నేను ఆలోచించాను. పిలిస్తే మళ్ళీ ఆ గ్లాసే. పిలవకపోతే అవమానమే ఉండదు. మన మురికి మనమే కడుక్కోవాలని కరపత్రంలో కూడా ఉంది... అంతే, లుంగీ ఎగ్గట్టి నేనే దిగాను.

అన్నీ ఆయన చేసినట్టే చేశాను, బోల్టు దగ్గర తప్ప. వేళ్ళకు ఆయిల్ అంటి జారుతుంటే విసుగొచ్చి, మొదటి మర నుంచే పానా వేసి బలంకొద్దీ తిప్పాను. లోపలెక్కడో కరకరమంది. బిగిసిందిలే అనుకున్నాను.

సాయంత్రం నాన్న "మార్చాడా?" అంటే "ఆఁ" అన్నాను. నేనే మార్చానంటే తిడతాడని భయం... ఇందులో ఆదర్శమేమీ లేదు.

మర్నాడు దుర్గి దారిలో బోల్టు ఊడింది. ఆయిలంతా రోడ్డుపాలై ఇంజను పట్టేసింది. నాన్న ఎర్రటి ఎండలో బండిని నెట్టుకుంటూ నడిచి, చివరికి లారీలో వేయించుకుని తిన్నగా యేసోబు షెడ్డు ముందు దింపాడు. కబురు తెలిసి నేనూ పరిగెత్తాను.

"ఒరేయ్ యేసోబూ! బోల్టు బిగించడం కూడా మర్చిపోయావేంట్రా? నా పానం తీద్దామనుకున్నావా?"

టీ బంకు దగ్గర పదిమంది లేచి నిలబడ్డారు.

"అయ్యా... నేను మీ వాకిట్లోకొచ్చి రెండు నెలలైంది."

"పైగా అబద్ధాలొకటి!"

యేసోబు వంగి, బోల్టు ఊడిన రంధ్రంలో వేలు పెట్టి తడిమాడు. మర మొత్తం కొట్టేసి ఉంది. తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు... వీడు చెప్తాడులే అన్న నమ్మకం.

సమానత్వమంటూ గంటలు గంటలు అరిచే నా నోరు పెగల్లేదు.

"ఇంకెప్పుడూ మా గడప తొక్కమాక" అన్నాడు నాన్న.

మూడో రోజు యేసోబు ఇంటికెళ్ళాను. అంతా చెప్పాను... గ్లాసు గురించి నాయనమ్మతో పోట్లాడింది, ఆయనకు అవమానం జరగకూడదనే పిలవనిది.

యేసోబు వేళ్ళకంటిన ఆయిల్ మరక గుడ్డతో తుడుచుకున్నాడు.

"ముసలమ్మ మీద అంత పెద్ద నోరు చేసినోడివి... మొన్న సెంటర్లో ఏమైపోయింది చిన్నయ్యా ఆ నోరు?"

అంతే అన్నాడు. ఆయన భార్య టీ తెచ్చిచ్చింది. వాళ్ళింట్లో అందరూ తాగే స్టీలు గ్లాసులోనే.

ఇంటికొచ్చి నాన్నతో నిజం చెప్పాను. చెంప పగిలింది. "ఇప్పుడేంది, నేను పోయి వాడికి తప్పయిందని చెప్పాలా?" అన్నాడు. వెళ్ళలేదు. యేసోబు మళ్ళీ మా వాకిట్లోకి రాలేదు. గూట్లో గ్లాసు అలాగే బోర్లించి ఉండిపోయింది... దుమ్ము పట్టి.

ఇప్పుడు ఇంటి దగ్గర ఆయిల్ మార్పించుకునేవాళ్ళెవరు? సర్వీసింగుకిస్తే ఏసీ గదిలో కూర్చోబెట్టి కాగితం కప్పులో టీ ఇస్తున్నారు. అందరికీ ఒకటే కప్పు, తాగి పారేయడమే... మంచిదే. కానీ ఆ కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా నాకు సెంటర్లో ఆ చూపే గుర్తొస్తుంది.

మీ ఇంటి గూట్లోనూ విడిగా ఓ గ్లాసు ఉండే ఉంటుంది... అది ఎవరిదో, ఆ మనిషి పేరేంటో కింద రాయండి. ముందు నేనే రాస్తున్నాను...

యేసోబు.